నెలనెలా భరణం, ఏడాదికో పంట

గుంటూరు, ప్రకాశం మెట్ట రైతు చేతికి డబ్బు వచ్చే కాలం ఏడాదిలో చాలా చిన్నది. పత్తి అయితే దసరా దాటాక తొలి తీతతో మొదలై సంక్రాంతి తర్వాత కొన్నాళ్లకు సర్దుకుంటుంది. మిరప అయితే కాయ కోసి, కళ్లంలో ఎండబెట్టి, గుంటూరు యార్డుకు చేర్చేసరికి ఫిబ్రవరి వస్తుంది. అక్కణ్ణించి మే దాకా అమ్మకాలు. ధర నచ్చకపోతే బస్తాలు కోల్డ్ స్టోరేజీకి చేరతాయి. మిగతా నెలల్లో ఇంట్లోకి వచ్చేది కమీషన్ వ్యాపారి ఇచ్చే అప్పు, ఎరువుల కొట్టు ఖాతా, బంగారం తాకట్టు. ఇలా బతికే మనిషి విడాకుల తర్వాత భార్యకు, పిల్లలకు ఏమివ్వాలో తేల్చేటప్పుడు కోర్టు రాసే మాట మాత్రం ఒకటే: ప్రతి నెలా ఫలానా తేదీలోగా ఇంత.

ఆ ఉత్తర్వు జీతగాడికి సరిపోతుంది. మిరప రైతుకు సరిపోదు, అతని మీద ఆధారపడ్డ బిడ్డకు అసలే సరిపోదు. నెల తప్పిందంటే పిటిషను, పిటిషనుకు నోటీసు, నోటీసుకు వాయిదా. పోషణ బాధ్యత విషయంలో మన చట్టాలు గట్టివే. కేసు జారిపోయేది ఆదాయం రుజువు చేసే చోట, సొమ్ము వసూలు చేసే చోట. ఆ రెండు చోట్లా వాడుకోదగ్గ సాధనాలు కూడా చట్టంలోనే ఉన్నాయి. అడిగేవాళ్లే తక్కువ.

ముందు హక్కు సంగతి. గుంటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1946లో, భర్త క్రూరంగా చూస్తేనో మరో పెళ్లి చేసుకుంటేనో వేరుగా ఉండి మనోవర్తి అడిగే హక్కు హిందూ భార్యకు కేంద్ర చట్టం ఇచ్చింది. 1949లో మద్రాసు శాసనసభ రెండో పెళ్లిని నిషేధించి, విడాకులకు దారి తెరిచింది. 1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఆ తర్వాతివి. వివాహ చట్టం 24వ సెక్షను కింద కేసు నడుస్తుండగా తాత్కాలిక భరణం, 25వ సెక్షను కింద శాశ్వత భరణం అడగొచ్చు. ఈ రెండూ భర్తకూ వర్తిస్తాయి. ఆదాయం లేని భర్త సంపాదించే భార్య నుంచి అడగొచ్చు.

మతంతో పనిలేని తలుపు ఇంకొకటి ఉంది. మొన్నటిదాకా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 144వ సెక్షను. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా ఇక్కడ భార్య కిందే లెక్క. నెలకు 500 రూపాయలు మించరాదన్న పరిమితి కేంద్ర చట్టంలో 2001 దాకా ఉండేదంటే, అంతకుముందు తరం ఆడవాళ్లు ఎంతకు కోర్టు మెట్లెక్కారో ఊహించుకోవచ్చు. ఈ సెక్షను విలువ మన ప్రాంతంలో ఎక్కువ. పల్నాడు, మార్కాపురం వైపు తండాల్లోని సుగాలీలు షెడ్యూల్డు తెగల వాళ్లు కనుక హిందూ వివాహ చట్టం వాళ్లకు మామూలుగా వర్తించదు. గుంటూరు ముస్లిం కుటుంబాల విషయంలో 1985 నాటి షాబానో తీర్పు, 1986 చట్టం, 2001 నాటి డేనియల్ లతీఫీ తీర్పుల మధ్య, ఈ సెక్షను వర్తిస్తుందా అన్న సందిగ్ధం చాలాకాలం నడిచింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు ఆ సందిగ్ధాన్ని తీర్చింది: విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 125 కింద కూడా అడగవచ్చు. క్రైస్తవ కుటుంబాలకు 1869 నాటి విడాకుల చట్టం. కేసు నడిచే కాలంలో భార్యకు ఇచ్చేది భర్త సగటు ఆదాయంలో ఐదో వంతు దాటకూడదని అందులో ఉండేది. అదీ 2001లోనే పోయింది.

ఈ హక్కు ఎంత లోతైనదో చెప్పిన కేసు మన పొరుగునే పుట్టింది. నెల్లూరు జిల్లాకు చెందిన వడ్డెబోయిన తులశమ్మ విడాకులు పొందిన స్త్రీ కాదు, వితంతువు. భర్త 1931లో పోయాడు. ఆస్తి ఉమ్మడి కుటుంబంలోని శేషారెడ్డి చేతికి వెళ్లింది. 1944లో, కోర్టు ఫీజు కట్టలేని పేదరాలిగా, ఆమె నెల్లూరు మున్సిఫ్ కోర్టులో మనోవర్తి దావా వేసింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఇచ్చారు, కానీ బతికున్నంతకాలం అనుభవించడమే, అమ్ముకునే హక్కు లేదని రాశారు. 1960, 1961ల్లో ఆమె కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. శేషారెడ్డి దావా వేశాడు. కింది కోర్టులు తలో మాట చెప్పాయి, హైకోర్టులో ఆమె ఓడింది. చివరికి 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తేల్చింది. మనోవర్తి ఒకరి దయ మీద వచ్చేది కాదని, ఆస్తిని అంటిపెట్టుకుని ముందునుంచీ ఉన్న హక్కని, దానికి బదులుగా చేతికొచ్చిన ఆస్తి 1956 వారసత్వ చట్టం 14వ సెక్షను వల్ల సంపూర్ణంగా ఆమెదవుతుందని ఆ తీర్పు సారం. దావా వేసిన నాటి నుంచి ముప్ఫై మూడేళ్లు. దేశమంతటా లాయర్లు ఇప్పటికీ చదివే తీర్పు అది. మన పల్లెల్లో మాత్రం విడాకుల వేళ ఆడమనిషికి అరెకరం రాసిచ్చి, "నీ తర్వాత మళ్లీ మా వాళ్లకే" అని షరతు పెట్టడం ఇంకా మానలేదు. అలాంటి కాగితం రాయించుకునేటప్పుడు "మనోవర్తి హక్కుకు బదులుగా" అన్న మాట దస్తావేజులో ఉండాలి. రిజిస్ట్రేషను జరగాలి. పాసు పుస్తకంలో పేరు మారాలి. ఈ మూడూ లేని అరెకరం ఆమెకు భరోసా కాదు.

హక్కు తేలాక అసలు చిక్కు మొదలవుతుంది. అతని ఆదాయం ఎంత? ప్రభుత్వోద్యోగి అయితే జీతం పట్టీ దొరుకుతుంది. సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో నికర జీతంలో నాలుగో వంతును సమంజసమైన కొలతగా చెప్పింది కూడా. మిరప, పత్తి వేసేవాడికి నికర ఆదాయం అన్న గీత ఎక్కడ గీయాలి? 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన మిర్చి, 2025 ఫిబ్రవరికల్లా ఎంత పడిపోయిందంటే కేంద్రం 11,781 రూపాయలకు జోక్య ధర ప్రకటించాల్సి వచ్చింది. అంతకుముందు 2021–22లో నల్ల తామర పురుగు తోటలకు తోటలనే పూత దశలో తినేసింది. మంచి ఏడాది చూసి భరణం నిర్ణయిస్తే అతను కట్టలేడు. చెడ్డ ఏడాది చూసి నిర్ణయిస్తే బిడ్డ బడి మానేస్తుంది.

ఈ కష్టాన్ని సుప్రీంకోర్టు గుర్తించకపోలేదు. 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్ తప్పనిసరిగా వేయాలని ఆదేశించింది. భరణం పిటిషను వేసిన తేదీ నుంచే లెక్కించాలని చెప్పింది. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఆ తీర్పుకు జతచేసిన నమూనాల్లో వ్యవసాయదారుల కోసం ప్రత్యేకంగా ఒకటి ఉంది. ఎంత భూమి, అందులో తన వాటా ఎంత, మాగాణా మెట్టా, ఏ పంటలు వేశారు, పశువులెన్ని, భూమి మీద అప్పులెన్ని, ఇవన్నీ అందులో చెప్పాలి. 2023లో మళ్లీ ఇదే న్యాయస్థానం, ఈ ఆదేశాలు సరిగా అమలు కావడం లేదని బాధపడి, దేశంలోని కోర్టులన్నిటికీ మరోసారి పంపించింది. అంటే ఆ నమూనా వేయించమని అడగాల్సిన పని ఇప్పటికీ పిటిషనరు మీదే ఉంది.

అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే? ఇక్కడే మన రాష్ట్రంలో ఉన్న రికార్డులు అక్కరకొస్తాయి. అడంగల్, 1-బి మీభూమి వెబ్‌సైట్‌లో చూడొచ్చు. భూమి మీద అమ్మకాలు, తనఖాలు రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీలో తేలతాయి. వీటికన్నా విలువైనది ఈ-క్రాప్ నమోదు. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారో అందులో ఉంటుంది. పంటల బీమా, పంట నష్ట పరిహారం దాని ఆధారంగానే వస్తాయి కనుక రైతు దాన్ని వదులుకోడు. "నాకేమీ లేదు, కూలికెళుతున్నాను" అని కోర్టులో చెప్పే మనిషి పేరున ఆరెకరాల తేజ మిర్చి నమోదై ఉంటే ఆ మాట అక్కడే తేలిపోతుంది. యార్డులో అమ్మకం పట్టీ, కోల్డ్ స్టోరేజీ రసీదు, బంగారం మీద బ్యాంకు అప్పు, ఇవన్నీ కోర్టు తెప్పించగలిగిన కాగితాలే.

కౌలు రైతు దగ్గర ఈ లెక్క మళ్లీ చిక్కుపడుతుంది. నోటి మాట మీద సాగే కౌలుకు కాగితం ఉండదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందంతో కార్డు ఇవ్వమంటుంది గాని, భూ యజమాని సంతకం పెట్టడానికి జంకుతాడు. ఫలితంగా భార్య అతని సాగును రుజువు చేయలేదు, అతనూ తన నష్టాన్ని రుజువు చేయలేడు. కౌలు ముందే కట్టి, పంట పోగొట్టుకుని, అప్పుల్లో మునిగిన మనిషి మీద వారెంటు తెస్తే పిల్లలకు అన్నం రాదు. 1997–98 నాటి పత్తి రైతుల చావుల నుంచి ఈ నేల చూస్తున్న దుఃఖం అది. కాబట్టి ఒక్క ఏడాది రాబడి పట్టుకుని వాదించడం మానుకోవాలని నా అభిప్రాయం. కనీసం మూడేళ్ల పంట, ధర, అప్పు కలిపి చూడమని ఇరువైపుల లాయర్లూ అడగాలి. అప్పుల్లోనూ తేడా ఉంది. పురుగుమందుకు తెచ్చిన అప్పు ఒకటి, కేసు పడ్డాక అన్నదమ్ములకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు ఇంకొకటి.

"పొలం నాన్న పేరున ఉంది, నాకేం లేదు" అన్నది అతి తరచుగా వినిపించే జవాబు. నాన్న స్వార్జితమైతే ఆ మాటకు బలం ఉంది. తాతల నాటి పిత్రార్జితమైతే లేదు. అందులో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంది, ఆ వాటా అతని ఆస్తే. అంతేకాదు, అతని పిల్లలకూ పుట్టుకతోనే వాటా ఉంది, 2005 సవరణ తర్వాత ఆడపిల్లకు కూడా. తల్లిదండ్రులు విడిపోయినంత మాత్రాన ఆ వాటా పోదు.

ఇక భార్య సంపాదన. మిరప కోత రోజుల్లో ఊరూరా ఆడవాళ్లు తెల్లవారకముందే ఆటోల్లో బయల్దేరతారు. గుంటూరు చుట్టుపక్కల మిరపకాయల తొడాలు తీసే పని ఆడవాళ్లదే. విడాకుల కేసులో భర్త తరఫు మొదటి ప్రశ్న ఇదే: "కూలికి వెళుతున్నావా లేదా?" వెళుతున్నానంటే భరణం అక్కర్లేదని వాదన. ఇది చెల్లదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది. తనను తాను పోషించుకోలేకపోవడం అంటే పూర్తిగా దిక్కులేనిదై ఉండాలని కాదని 2007లో, కొంత సంపాదన ఉన్నంత మాత్రాన భరణం నిరాకరించరాదని 2014లో తీర్పులున్నాయి. ఆరోగ్యంగా ఉన్న మగవాడు ఒళ్లు వంచి పనిచేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని 2022లో మరో తీర్పు. కోత నాలుగు నెలలు ఉంటుంది, ఆకలి పన్నెండు నెలలు ఉంటుంది. కూలి డబ్బును ఏడాదికి పంచి లెక్క చూపమని ఆమె తరఫు లాయరు అడిగితే ఆ ప్రశ్నకు పదును పోతుంది.

మన ఊళ్లలో విడాకులు ఎక్కువగా తేలేది కోర్టులో కాదు, పెద్దమనుషుల ముందు. స్టాంపు కాగితం మీద రాసుకుంటారు. కట్నం కింద తెచ్చిన దాంట్లో కొంత తిరిగిస్తారు, "ఇకముందు ఒకరి మీద ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు" అంటారు. ఆ కాగితం ఎంతవరకు నిలుస్తుంది? కులాచారం ప్రకారం విడాకుల్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షను కాపాడింది గాని, అలాంటి ఆచారం నిజంగా ఉందని రుజువు చేయాలి. లేకపోతే పెళ్లి పెళ్లిగానే ఉంటుంది. భరణం వదులుకున్నానన్న సంతకం విషయంలో 2013 నాటి తీర్పు స్పష్టంగా ఉంది. ఏకమొత్తం తీసుకుని ఇక అడగనని రాసిచ్చిన భార్య కూడా 1956 మనోవర్తి చట్టం కింద మళ్లీ అడగవచ్చు, అలాంటి ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధం. 2025 జనవరి 30న తెలంగాణ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. మొదటి భర్తతో కాగితం మీద విడిపోయి, కోర్టు విడాకులు తీసుకోకుండానే రెండో పెళ్లి చేసుకున్న స్త్రీకి, ఆ సంగతి తెలిసే పెళ్లాడిన రెండో భర్త భరణం ఇవ్వాల్సిందేనంది. పంచాయితీ కాగితాలతో బతుకులు నెట్టుకొస్తున్న వేల కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. పరస్పర అంగీకారంతో కోర్టులో విడాకులు తీసుకున్నా భరణం అడగడానికి అడ్డు లేదని 1995లోనే తేలింది.

పెద్దమనుషుల్ని తప్పుపట్టడం తేలిక. కోర్టు ఏళ్లకేళ్లు తీసుకుంటుంటే వాళ్లు ఒక పూటలో కొంత డబ్బు చేతిలో పెట్టిస్తారు, అది నిజం. కానీ ఆ పంచాయితీల్లో బిడ్డ తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు. అక్కడ కుదిరిన మాటను మండల న్యాయ సేవా కమిటీ ద్వారా లోక్ అదాలత్‌లో పెట్టిస్తే అది డిక్రీ అవుతుంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవల చట్టం ఇచ్చిన హక్కు. 15100కి ఫోను చేస్తే చాలు.

వసూలు దగ్గర తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 144 కింద వచ్చిన ఉత్తర్వు అమలుకాకపోతే వారెంటు కోసం, ఆ సొమ్ము బాకీ పడిన ఏడాది లోపల పిటిషను వేయాలి. "పంట రానీ, ఒక్కసారే ఇచ్చేస్తా" అన్న మాట నమ్మి రెండు పంటలు ఆగిన ఆడమనిషికి పాత బాకీ వసూలు కష్టమవుతుంది. ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు పడొచ్చు, కానీ జైలుకెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరదని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతకన్నా మన ప్రాంతానికి తగిన దారి హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్లో ఉంది. అందులో నెలసరి మొత్తమే కాదు, ఏకమొత్తం గాని, నిర్ణీత కాలాలకు చెల్లించే మొత్తం గాని ఇప్పించవచ్చని ఉంది. అంటే నెలకు కొద్దిపాటి కనీసం పెట్టి, మిగతాది మార్చి నెలాఖరుకొకటి, మే నెలాఖరుకొకటి కోర్టులో జమ చేయమని అడగవచ్చు. దానికి హామీగా అతని భూమి మీద ఛార్జి వేయమనీ అదే సెక్షను కింద అడగవచ్చు. ఛార్జి ఉన్న భూమిని కొన్నవాడు, ఆ సంగతి తెలిసి కొంటే, బాధ్యతతో సహా కొన్నట్టే. గుంటూరు నుంచి అమరావతి దాకా ఎకరం ధర ఎలా మారిందో చూసినవాళ్లకు, కేసు మధ్యలో పొలం చేతులు మారడం ఎంత తేలికో తెలుసు.

పొలం వదిలి అమెరికా వెళ్లిన కొడుకుల సంగతి వేరు. తిరుపతిలో 1975లో పెళ్లయి, మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్న వై. నరసింహారావు కేసులో 1991లో సుప్రీంకోర్టు, మన చట్టంలో లేని కారణం మీద, అధికార పరిధి లేని విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవంది. అంటే ఇక్కడి భార్య హక్కు నిలుస్తుంది. వసూలే కష్టం. అక్కడ పిల్లల పోషణ సొమ్మును జీతంలోంచే కోసేస్తారు, బాకీ 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు. బ్రిటన్‌లో ఆదాయాన్ని బట్టి సూత్రమే ఉంది: మామూలు రేటులో ఒక బిడ్డకు వారపు ఆదాయంలో 12 శాతం, ఇద్దరికి 16. మన దగ్గర అలాంటి సూత్రం లేదు. కోర్టు వారెంటు ఉంటే భారత పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం 1967 చట్టం ఇచ్చింది, అది వాడుకోవాలి.

ఇంతకీ ఈ కేసుల్లో అందరికన్నా వెనక నిలబడేది బిడ్డ. తల్లి భరణం, బిడ్డ పోషణ ఒకే అంకెలో కలిపి రాసిన ఉత్తర్వుల వల్ల, తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నప్పుడు బిడ్డ సొమ్ము కూడా ఆపేయబోయే తండ్రులుంటారు. బిడ్డ హక్కు బిడ్డది. తల్లి రాజీలో వదులుకున్నా అది పోదు. తండ్రిని చూడనివ్వలేదన్న గొడవకు విడిగా పిటిషను వేసుకోవాలి, దాన్ని సాకుగా చూపి పోషణ ఆపడానికి వీల్లేదు. తల్లి ఉద్యోగి అయితే ఆమె కూడా తన స్థాయికి తగ్గట్టు పంచుకోవాలని 2000 సంవత్సరంలో తీర్పు ఉంది. ఫీజులతో పాటు కోచింగ్ ఖర్చు కూడా పోషణలో భాగమేనని 2020 నాటి రజనీష్ తీర్పు లెక్కవేసింది.

మన ప్రాంతంలో ఈ చివరి మాటే ముఖ్యం. ఇక్కడ రెండెకరాల రైతు కూడా ఇంటర్‌కు హాస్టల్లో వేస్తాడు, ఇంజినీరింగ్ చదివించాలనుకుంటాడు. 144వ సెక్షను కింద మగపిల్లాడి పోషణ 18 ఏళ్లతో ఆగిపోతుంది, సరిగ్గా ఇంజినీరింగ్ ఫీజు మొదలయ్యే వయసు. ఆడపిల్ల పెళ్లయ్యేదాకా, తనను తాను పోషించుకోలేనంతకాలం, 1956 మనోవర్తి చట్టం 20వ సెక్షను కింద తండ్రిని అడగవచ్చని 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే దానికి విడిగా కేసు వేయాలి. 2024 డిసెంబరులో ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు, ఇంజినీరింగ్ ముగించిన మేజరు కొడుక్కి కూడా తండ్రి కోటి రూపాయలు ఇవ్వాలంది. అది డబ్బున్న కుటుంబం, నిజమే. కానీ 18 దాటిన బిడ్డను కోర్టు పట్టించుకోగలదని అది చూపింది.

మిరప రైతుల ఇళ్లలో కోట్లుండవు. అయినా అంగీకార విడాకుల పిటిషన్లో బిడ్డ పేరున ఒక డిపాజిట్, 18 తర్వాత చదువు ఖర్చులో ఎవరి వాటా ఎంత, పిత్రార్జితంలో బిడ్డ వాటా ఏ సర్వే నంబర్లలో ఉంది, ఈ మూడు సంగతులు రాయించడానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. న్యాయమూర్తి చదివి వినిపించి ఇద్దరి సమ్మతి అడిగేటప్పుడు, బిడ్డ పేరున రాసిన పేరా ఏదని అడిగే లాయరు ప్రతి కోర్టులోనూ ఉండాలి.